గేటు ఎవరు లేపారు

కామారెడ్డి,
జూలై చివరి వారం.

జబీన్,

ఫోన్ చేస్తే ఎత్తుతావు, బాగున్నానంటావు, నేనూ బాగున్నానంటాను, ఇద్దరం అబద్ధం చెప్పుకుని పెట్టేస్తాం. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపి తప్పించుకుంటావు. అందుకే కాగితం. డిగ్రీలో వెనక బెంచీ మీద చీటీలు రాసుకున్న చేతులే కదా మనవి, మరిచిపోయి ఉండవు.

నువ్వు ఎల్లారెడ్డి బడిలో లెక్కల టీచరుగా చేరి వెళ్ళిపోయాక ఇక్కడ ముందుగా మారింది నా తోడు. జోయల్, ముస్తకీమ్ ఇద్దరు మగపిల్లలతో కలిసి ఊళ్ళు తిరిగి వాయించాలంటే వెంట ఇంకో ఆడపిల్ల ఉండాలని బాపు పెట్టిన షరతు నీకు తెలుసు. నువ్వు ముస్తకీమ్‌కు చెల్లెలివి, నాకు దోస్తువి, కాబట్టి రెండిళ్ళలోనూ పేచీ లేకుండా గడిచింది. ఇప్పుడు మా అమ్మ వస్తోంది. వ్యాన్‌లో గిటార్లూ డ్రమ్ములూ ఎక్కించాక మిగిలిన చోటులో మడిచిన కుర్చీతో సహా ఎక్కుతుంది. చెవుల్లో దూది పెట్టుకుని, జనంలో కూర్చోవడం నామోషీ అని స్టేజీ వెనక వ్యాన్ పక్కన కూర్చుంటుంది. నా బేస్ గిటారును ఇప్పటికీ "గా నాలుగు తీగెల డబ్బ" అంటుంది.

మొన్న సదాశివనగర్‌లో రిసెప్షన్‌కు వాయించాం. మన పాత ఫ్లెక్సీనే కట్టారు. పోచారం డ్యాం మీద నలుగురం దిగిన ఫొటోలోంచి నిన్ను కోసేసి, నా భుజం మీద నీ చెయ్యి మాత్రం మరిచిపోయాడే ఫ్లెక్సీ వాడు, అదే. పెళ్ళివాళ్ళ పిల్లలు ఆ చెయ్యి ఎవరిదని అడిగితే జోయల్ దయ్యానిదని చెప్పి భయపెట్టాడు. బాగా నవ్వుకున్నాం.

తర్వాత జరిగింది నవ్వే సంగతి కాదు. ఆఖరున 'గేటు' పాట ఎత్తుకున్నాం. సగంలో ఎప్పటిలాగే గేటు పడింది. రైలు గేటు దగ్గర బండ్లు ఆగినట్టు ముగ్గురం ఒక్క దెబ్బకు ఆగిపోయాం. జనం ఎప్పటిలాగే ఈలలేశారు, రైలు కూత కూశారు, ఒక ముసలాయన కరెంటు పోయిందా అని అడిగాడు. ఆ ఖాళీ కోసమే కదా మన 'గూడ్స్ బండి' బ్యాండును ఊరూరా పిలుస్తున్నారు. పాట రికార్డు చేయమని ఎవరడిగినా జోయల్ ఒప్పుకోడు, "ఇంట్ల కూసొని వింటే ఏముంటది, గేటు కాడ నిలవడాలె" అంటాడు. అందరూ నిలబడే ఉన్నారు. గేటు లేవలేదు.

ఎవరూ మొదలుపెట్టలేదు జబీన్. నేను జోయల్‌ను చూశాను, జోయల్ ముస్తకీమ్‌ను, ముస్తకీమ్ జనంలోకి. అరుపులు తగ్గాయి, గుసగుసలొచ్చాయి. చివరికి ముస్తకీమ్ ఏదో కొట్టాడు, మేం ఏదో కలిపాం. గోడ దూకి బయటపడ్డట్టు బయటపడ్డాం. ఇన్నాళ్ళూ అది ఎలా లేచేదో మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఎవరో స్విచ్చి నొక్కినట్టు ముగ్గురం ఒకేసారి లేచేవాళ్ళం, అంతే.

వ్యాన్‌లో అమ్మ ఒక్కతే మాట్లాడింది. "నడుమల గట్ల ఆగుడెందుకే? తినేటోళ్ళు బుక్క నోట్ల వెట్టుకొని లేస్తరా?"

ఇంకో మాట. హైదరాబాద్‌లో పెళ్ళిళ్ళకు వాయించే ఆర్కెస్ట్రా వాళ్ళు జోయల్‌ను అడుగుతున్నారు. అతను వెళ్తే పాడేవాడూ లేడు, గిటారూ లేదు, బ్యాండే లేదు. బాపు నన్ను గ్రూప్స్ కోచింగ్‌లో చేర్చడానికి ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు.

ఆశ్రిత


ఎల్లారెడ్డి,
ఆగస్టు.

ఆశ్రితా,

ఉత్తరం ఫుప్పూ చేతికి అందింది. కవరు అటూ ఇటూ తిప్పి, కోర్టు కాగితమేమోనని భయపడింది. మా అబ్బా చెల్లెలు హమీదున్నీసా బేగం ఇంట్లో కోర్టు కాగితాలు తప్ప ఉత్తరాలు రాలేదట. నీ పేరు చూపించాక శాంతించి, "ఆ డబ్బ వాయించే పిల్లనా" అంది. మీ అమ్మా మా ఫుప్పూ ఒకరినొకరు చూడనైనా చూడలేదు, మాట మాత్రం ఒకటే.

ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. పిల్లలకు సగం అర్థమవుతుంది, పావు అర్థం కాదు. ఈ మాట వాళ్ళతో అంటే నవ్వలేదు, రాసుకున్నారు.

మీ గేటు సంగతి రెండుసార్లు చదివాను. కొన్ని అడుగుతాను, విసుక్కోకు. గేటు పడ్డప్పుడు స్టేజీకి ఎడమ వైపు, స్పీకర్ పక్కన ఎవరున్నారు? అక్కడ కుర్చీలు వేశారా, ఖాళీగా వదిలారా? ముస్తకీమ్ అన్న జనంలోకి చూశాడని రాశావు. జనంలో ఎటు?

జోయల్ నిజంగా వెళ్తాడా, బెదిరిస్తున్నాడా? అతనికి రెండింటికీ తేడా తెలియదు.

మహజబీన్


కామారెడ్డి,
సెప్టెంబరు.

జబీన్,

స్పీకర్ పక్కన ఎవరుంటే ఏం? పెళ్ళివారి ఐస్‌క్రీం బల్ల ఉంది, చాలా? నేను ఇల్లు కాలిపోతోందని రాస్తే నువ్వు కిటికీలకు ఏ రంగు వేశారని అడుగుతున్నావు.

ఇల్లు నిజంగానే కాలుతోంది. సదాశివనగర్ ఏదో ఒక రోజు పొరపాటనుకున్నాం. మీ షెడ్డులో రోజూ సాధన చేస్తున్నాం. పక్కన మీ అబ్బా పెళ్ళి బ్యాండు వాళ్ళు బాకాలు తుడుచుకుంటూ మమ్మల్ని చూసి జాలిపడతారు. షెడ్డులో గేటు పడుతుంది, లేవదు. ముస్తకీమ్ లెక్క పెడదామన్నాడు. మనసులో లెక్కపెట్టుకుని అందరం ఒకేసారి లేచాం. సరిగ్గా లేచాం. వింటే బడిలో ప్రార్థన గంటలా ఉంది. జోయల్ గిటారు తీసి గోడకు ఆనించి బయటికి వెళ్ళి కూర్చున్నాడు.

ఎవరి తప్పు అన్న దగ్గర మొదలైంది అసలు రభస. జోయల్ అంటాడు, ఎప్పుడూ లేపేది ముస్తకీమే, ఇప్పుడు చేతులు పడిపోయినయని. ముస్తకీమ్ ఒట్టు వేసి చెబుతాడు, నేనెన్నడూ లేపలే, జోయల్ నోరు తెరిచినంక కొట్టేటోన్ని అని. ఇద్దరూ తిరిగి నా వైపు చూశారు. నేను మీ ఇద్దరి వెనకే వచ్చేదాన్ననుకుంటున్నాను అన్నాను. అంటే ముగ్గురం ఇంకొకరు లేపుతున్నారనే అనుకున్నాం. మరి ఎవరు లేపారు? నాకు నా చెవుల మీదే నమ్మకం పోతోంది. కూరగాయల వాడు అరుస్తూ ఆగినా, మళ్ళీ ఎప్పుడు అరుస్తాడోనని చెవులు రిక్కించి నిలబడుతున్నాను.

గాంధారిలో కాలేజీ ఫంక్షన్. నీకు గుర్తుందా, పోయినేడు తండాల నుంచి ఆటోల్లో వచ్చి మరీ నిలబడ్డారు. ఈసారీ వచ్చారు. గేటు పడింది. ఈసారి గోడ దూకడం కూడా రాలేదు. మేం ముగ్గురం రాళ్ళలా నిలబడ్డాం. జనం అరిచి అరిచి అలసిపోయి నవ్వడం మొదలుపెట్టారు. యాంకర్ మైకు లాక్కుని, అన్నలు యాదిమరిచినట్టున్నరు, జర చప్పట్లు కొట్టుండ్రి అన్నాడు. ఆ చప్పట్లలో దిగిపోయాం.

కామారెడ్డిలో దిగాక జోయల్ అన్నాడు. "ఎల్లారెడ్డి ప్రోగ్రాం ఒప్పుకున్నం గనక చేస్త. అండ్ల గూడ గిట్లనే అయితే నేను హైదరాబాద్ పోతున్న. గిటార్ వాయించెతందుకే పోతున్న, పరువు తీసుకునెతందుకు కాదు."

ఎల్లారెడ్డి అంటే మీ ఊరే. క్రికెట్ టోర్నమెంటు బహుమతుల సభ, డిసెంబరులో, మీ బడి గ్రౌండులో.

నీకు ఏదో తెలుసు జబీన్. నీ ప్రశ్నలు తెలియనివాళ్ళ ప్రశ్నల్లా లేవు.

ఆశ్రిత


ఎల్లారెడ్డి,
అక్టోబరు మొదట్లో.

ఆశ్రితా,

బడికి దసరా సెలవులు. అన్న వచ్చి ఒక పూట ఉండి వెళ్ళాడు. ఫుప్పూ వండిన ఖుబానీ మీఠా గిన్నె నిండా తిని, నా గది కిటికీకి గొళ్ళెం ఉందా లేదా చూసి, వీధి చివర పాన్ డబ్బా దగ్గర ఎవరెవరు నిలబడతారో కనుక్కుని పోయాడు. బ్యాండు సంగతి ఒక్క ముక్క మాట్లాడలేదు. పోయేముందు గడప దగ్గర నిలబడి నన్ను చాలాసేపు చూశాడు.

నాకేం తెలుసో రాయాలంటే నాకు కోపం పోవాలి. ఇంకా పోలేదు. ఫ్లెక్సీ చూసి బాగా నవ్వుకున్నామని రాశావు. దాన్ని మొదటిసారి కట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. గా చెయ్యి ఎవలిది, దయ్యానిదా అని జోయల్ అడిగితే నువ్వూ నవ్వావు. నేనూ నవ్వాను. నేను నవ్వడం నువ్వు చూశావు కాబట్టి సరిపోయిందనుకున్నావు.

మహజబీన్


కామారెడ్డి,
అక్టోబరు.

జబీన్,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని మేడ మీదికీ కిందికీ తిరిగాను. అమ్మ, కడుపు నొప్పా అని వాము తెచ్చిచ్చింది.

నిజంగా నాకు తెలియదు. నువ్వు నవ్వితే నవ్వుతున్నావనుకున్నాను. ఫొటోలోంచి నిన్ను తీయమని నేను చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు. వాయించేది ముగ్గురం కదా, ముగ్గురి బొమ్మే వేస్తారు అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఆ మాట ఎంత కటువుగా ఉందో తెలుస్తోంది, కానీ తప్పెక్కడుందో పట్టుకోలేకపోతున్నాను. నువ్వు బ్యాండులో ఉండాలనుకున్నావా? ఏం వాయించాలనుకున్నావు? ఎప్పుడూ అనలేదు కదా.

కోపంగానే రాయి. కానీ తెలిసింది రాయి.

ఆశ్రిత


ఎల్లారెడ్డి,
నవంబరు.

ఆశ్రితా,

నేను ఏం వాయించాలనుకున్నానని అడిగావు. నేను వాయిస్తూనే ఉన్నాను. మీ ముగ్గురినీ.

మొదటి ఏడు, మన కాలేజీ వార్షికోత్సవం. నేను ఎప్పటిలాగే ఎడమ వైపు స్పీకర్ పక్కన నిలబడ్డాను. గేటు పడింది. అప్పుడే నా చెప్పు ఉంగటం తెగింది. వంగి చూసుకుంటున్నాను. పాట రావడం లేదు, రావడం లేదు. ఏమైందోనని తలెత్తాను. తలెత్తగానే ముగ్గురూ ఒక్కసారిగా కొట్టారు. కాకతాళీయం అనుకున్నాను. తర్వాతి ప్రోగ్రాంలో గేటు పడగానే కావాలని తల దించాను. మీరు ఆగారు. ఎత్తాను. మీరు లేచారు.

ఆ రాత్రంతా నవ్వొచ్చింది, భయం కూడా వేసింది.

ఎందుకో అర్థం చేసుకోవడానికి చాలా రోజులు పట్టింది. అమ్మీ అన్నకు, చెల్లె మీద కన్ను వెట్టు అని చెప్పి పంపుతుంది. అన్న డ్రమ్ము మీద చేతులు, నా మీద కళ్ళు పెట్టి వాయిస్తాడు. నీకు జనమంటే బెరుకు. ఆ కొత్త మొహాల్లో తెలిసిన మొహం ఒక్కటి నాది, అందుకని నన్ను వెతుక్కుంటావు. జోయల్ ఎందుకు చూస్తాడో నాకు తెలుసు, రాయను. ముగ్గురూ మూడు కారణాలతో ఒకే చోటికి చూస్తారు. ఒకరు చూస్తున్నట్టు ఇంకొకరికి తెలియదు. మీరు చూస్తున్నట్టు మీకే తెలియదు.

తెలిశాక ఊరుకుంటానా? పెళ్ళిళ్ళలో వెనక భోజనాలు ఆరిపోతుంటాయి కాబట్టి తొందరగా తలెత్తేదాన్ని. కాలేజీల్లో కాసేపు ఆపేదాన్ని. గాంధారిలో పోయినేడు గేటు పడ్డప్పుడు తండా నుంచి వచ్చిన ఒక ముసలామె పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆమె నవ్వు చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి ఇంకా పక్కవాళ్ళు. ఆ నవ్వు గ్రౌండు చివరిదాకా పోయి వచ్చేవరకు నేను తల ఎత్తలేదు. ఆ రోజు నుంచే మీ గేటు గురించి ఊళ్ళు చెప్పుకోవడం మొదలుపెట్టాయి. నేల చూస్తూ జనం చప్పుడు వింటూ, ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు, ఇప్పుడు, అనుకుంటూ నిలబడ్డానే, అంత ఇష్టంగా నేను ఏ పనీ చేయలేదు.

ఇది తప్పు ఒప్పుకోవడమని అనుకోకు. నేను చేసిన వాటన్నిట్లో మంచి పని ఇదే. ఉద్యోగం కోసం ఊరు విడిచానని అందరికీ చెప్పాను. ఉద్యోగం అబద్ధం కాదు. కానీ ఫ్లెక్సీ కట్టిన రోజు నా చెయ్యి దయ్యానిదైతే నవ్విన ముగ్గురూ, ఆ సాయంత్రమే మళ్ళీ నా తల ఎప్పుడు లేస్తుందా అని చూశారు. ఆ రోజు చాలాసేపు ఎత్తలేదు. గమనించావా? జనం మాత్రం అదే గొప్పగా ఉందన్నారు.

మహజబీన్


కామారెడ్డి,
నవంబరు.

జబీన్,

చదివాను. మళ్ళీ చదివాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేలడం లేదు. ఒకసారి నువ్వు మమ్మల్ని తోలుబొమ్మల్లా ఆడించావనిపిస్తుంది. ఇంకోసారి మేమే నీ పనిని మా పేరు మీద అమ్ముకున్నామనిపిస్తుంది. అద్దం ముందు బేస్ పట్టుకుని నిలబడి, ఇందులో నాది ఎంత అని చూసుకున్నాను. నా మొహం నాకే కొత్తగా కనబడింది.

వాళ్ళకు చెప్పలేదు. ముస్తకీమ్‌కు చెబితే ఏమవుతాడో ఊహించలేను. చెల్లెలికి కాపలా ఉన్నాననుకున్నవాడికి, నీ చెల్లెలి సైగ మీద నువ్వు డ్రమ్ము కొట్టావు అని ఎలా చెప్పను? జోయల్ ఎందుకు చూస్తాడో నువ్వు రాయనన్నావు కాబట్టి అతనితో అసలు మాటే ఎత్తలేను. షెడ్డులో వాళ్ళ ఎదురుగా కూర్చుని తల గోక్కుంటున్నాను. సాధనలో గేటు పడ్డప్పుడు గమనించాను జబీన్, ముగ్గురం షెడ్డు తలుపు వైపు చూస్తాం. అక్కడ మీ అబ్బా స్కూటర్ తప్ప ఏమీ ఉండదు.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఎల్లారెడ్డి సభకు రా. ఆ చోట నిలబడు. ఒక్కసారి తల ఎత్తు. ఆ ఒక్క పాట నిలబడితే జోయల్ ఆగుతాడు. ఆ తర్వాత నీకెలా కావాలంటే అలా. ఫ్లెక్సీ మీద నీ బొమ్మ వేయిస్తాను, మా ముగ్గురికంటే పెద్దగా.

ఆశ్రిత


ఎల్లారెడ్డి,
నవంబరు చివర.

ఆశ్రితా,

నా బొమ్మ పెద్దగా వేస్తే అమ్మీ నన్ను చిన్నగా కోస్తుంది. బొమ్మ అడగలేదు నేను.

వస్తాను. ఆ చోటే నిలబడతాను, ఎందుకంటే నాకు అలవాటైన చోటది. కానీ తల ఎత్తను, దించను. నేను ఎత్తితే పాట నిలబడుతుంది, జోయల్ ఆగుతాడు. ఆ తర్వాత ప్రతి ఊరికీ నేను రావాలి, వచ్చి కింద నిలబడాలి, అది ఎవరికీ తెలియకూడదు. నావల్ల కాదు.

మీరు ఆగిపోతే ఆగిపోండి. నాకూ బాధే. నీకంటే తక్కువ కాదు.

మహజబీన్


కామారెడ్డి,
డిసెంబరు.

జబీన్,

నీతో మాట్లాడదామని దిగి వచ్చేలోపు జనం మీద పడ్డారు. అమ్మ నా జబ్బ పట్టుకుని వ్యాన్‌లోకి ఈడ్చింది. నువ్వూ మీ ఫుప్పూ బడి గేటు దాటి వెళ్ళడం అద్దంలోంచి చూశాను. అందుకని రాస్తున్నాను. నువ్వు చెప్పాల్సిన ఒక మాట ఉంది.

నువ్వు తల కదపవని తెలుసు కాబట్టి స్టేజీ ఎక్కాక నీ వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. గేటు పడింది. చూశాను. వెంటనే కళ్ళు తిప్పుకుని నా వేళ్ళ వైపు చూసుకున్నాను. ఓడిన టీం వాళ్ళు రైలు కూతలు కూశారు. గెలిచిన టీం వాళ్ళు కప్పు మీద గరిటెతో కొట్టారు. అవన్నీ తగ్గాయి. మొన్న గాంధారిలో మా మీద నవ్వు మొదలైన చోటు వచ్చింది. నా వీపు మీద చెమట కారడం తెలుస్తోంది. అప్పుడు బేస్ మోగింది.

నాదే. కానీ జబీన్, నేను మోగించానో, చెమటకు వేలు జారిందో నాకు తెలియదు. నిజంగా తెలియదు. తప్పు తీగ మీద మోగింది, అంత మాత్రం తెలుసు. ఒక్కదాన్నే, ఆ తప్పు తీగ మీదే, ఆపితే చచ్చిపోతానన్నట్టు వాయించుకుంటూ పోయాను. అప్పుడు డ్రమ్ము వచ్చింది, పడిన పిల్లను లేపుతున్నట్టు గబగబా. ఆ తర్వాత గిటారు వచ్చింది. అది 'గేటు' పాటే కాదు.

జోయల్‌ను వ్యాన్‌లో అడిగాను. వాడు చెప్పింది విను. "పాట సచ్చిపోయిందనుకున్న. కోపంల దాని తర్వాతి పాట ఎత్తుకున్న. అది గిండ్ల అతుకుతదని నాకేమెరుక." అతికింది. ఒక పాట పట్టాల మీదికి ఇంకో పాట ఎక్కేసి కూతేసుకుంటూ పోయింది. జనం కుర్చీలు ఎత్తి ఊపారు. మీ హెడ్మాస్టరు కూడా ఊపారు, చూశావా?

అమ్మ దూది తీసి అన్నది, "ఇయ్యాల జర పాట లెక్కున్నది."

జోయల్ హైదరాబాద్ వెళ్ళడం లేదు. నేను బతిమాలానా, లేదు. అది ఎట్ల అయిందో తెలిసేదాంక పోను అన్నాడు. ముస్తకీమ్‌ను, నువ్వెందుకు అప్పుడు కొట్టావు అని అడిగితే మొహం అటు తిప్పుకున్నాడు. ముగ్గురం వ్యాన్‌లో కూర్చుని, గేటు ఎవరు లేపారు అని ఇప్పటికీ ఒకరినొకరు అడుగుతున్నాం. అందరూ శభాష్ అంటున్నారు. దేనికో తెలియకుండా దండలు వేయించుకున్నట్టుంది నాకు.

నువ్వు ఎప్పుడూ చూసేదానివి. చెప్పు. ఆ మొదటి దెబ్బ నేను కొట్టానా, నా వేలు జారిందా? నా వేలిని నువ్వు చూసే ఉంటావు. నువ్వు కొట్టావంటే నమ్ముతాను. జారిందంటే అదీ నమ్ముతాను. ఏదో ఒకటి తెలియకపోతే నేను మళ్ళీ స్టేజీ ఎలా ఎక్కాలి?

ఆశ్రిత


ఎల్లారెడ్డి,
జనవరి.

ఆశ్రితా,

నేను చూడలేదు.

గేటు పడగానే నా మెడ దానంతటదే కదలబోయింది. కదపనని నీకు రాశాను కాబట్టి, వేరే దారి లేక కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆ గరిటె చప్పుడూ కూతలూ విన్నాను. అవి తగ్గినప్పుడు, ఇదుగో ఇప్పుడు అని నా ఒళ్ళంతా అంది. మీరు రాలేదు. ఇంకాసేపటికి రాకూడని చోట, ఎవరూ లేపని చోట, బేస్ వచ్చింది. ఎంత తప్పుగా ఉందంటే నాకు నవ్వొచ్చింది. కళ్ళు మాత్రం తెరవలేదు. మీ పాటలు అన్నేళ్ళు విన్నాననుకున్నాను కానీ, నేను పని చేస్తూ ఉన్నాను. వినడం అదే మొదటిసారి. నీ వేలు సంగతి నన్ను అడగకు, ఈ లోకంలో అది చూసినవాళ్ళు లేరు. మళ్ళీ ఎక్కు. ఈసారి తెలియకుండా కొట్టు, లేదా తెలిసి కొట్టు.

అన్న ఎందుకు కొట్టాడో నీతో చెప్పలేదు కదా, మర్నాడు ఫుప్పూ ఇంటికి వచ్చి నాతో చెప్పాడు. ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చాడు, వాడికి కష్టమైనప్పుడల్లా అంతే. "నువ్వు కండ్లు మూసుకున్నవ్. కిందవడ్తవనుకున్న. నిన్ను లేపెతందుకు కొట్టిన." నేను తల కదపకపోతే మీరు మీ అంతట లేస్తారా చూద్దామనుకున్నాను. కదపకపోతే కూడా లేపానట. ఇక నేనేం చేస్తే ఊరుకున్నట్టో నాకు అర్థం కాలేదు. నీ ఒక్కదానికే అయోమయం అనుకోకు.

అప్పుడు వాడికి చెప్పేశాను, చెప్పు తెగిన రోజు నుంచి. కోప్పడతాడనుకున్నాను. చాయ్ గ్లాసు కింద పెట్టి, పోయినేడు గాంధారిల అంతసేపు నువ్వే ఆపినవా అని అడిగాడు. అవునన్నాను. మంచిగ ఆపినవ్ అన్నాడు. అమ్మీ కడుపున పుట్టాక మా అన్న నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

దాంతో ధైర్యం వచ్చి ఇంకోటి కూడా అడిగాను. నేనొక పాట కట్టాను. నాకు పాడటం రాదు, వాయించడం రాదు. బడిలో ఖాళీ పీరియడ్లలో బల్ల మీద కొట్టుకుంటూ కట్టాను. ఎక్కడ ఎవరు రావాలో, ఎవరు ఊరుకోవాలో నాకు తెలుసు. మీరు ముగ్గురూ ఒక ఆదివారం ఇక్కడికి వచ్చి నా ముందు కూర్చోండి. నేను బల్ల మీద కొట్టి చెబుతాను, మీరు నేర్చుకోండి. ఆ పాట ఎక్కడ వాయించినా, కట్టింది మహజబీన్ అని మైకులో చెప్పి వాయించాలి. నా షరతు అదొక్కటే. స్టేజీ ఎక్కను, కింద నిలబడను. వినాలనిపించిన చోటికి వచ్చి, వినాలనిపించిన చోట కూర్చుంటాను.

అమ్మీతో తాను మాట్లాడతానన్నాడు అన్న. బల్ల మీద మొదటి వరస కొట్టి వినిపించాను. తల ఊపుతూ విన్నాడు. గేటు ఏ జాగల పడ్తది అని అడిగాడు. ఇందులో గేటు లేదన్నాను.

"మరి నేను నీ దిక్కు ఎప్పుడు చూడాలె" అన్నాడు.

నేను మళ్ళీ మొదటి వరస నుంచి బల్ల మీద కొట్టాను. మీరు రండి.

మహజబీన్